కోట చిత్రము – కొనుగోలైన కులీనత

ఆమ్‌స్టర్‌డామున జనించి, రెంబ్రాంట్‌కు మిత్రుఁడుగా ప్రసిద్ధినొందిన రూలాంట్ రోఖ్‌మన్, ఇంచుమించుగా ఇరువదేండ్ల ప్రాయమున, 1646-47 సంవత్సరములలో, హాలండ్, ఉట్రెక్ట్ ప్రాంతములందలి కోటలను, ప్రభుభవనములను వెదకికొని పోయి, నల్లసుద్దతోను, బూడిదవన్నె పలుచని పూఁతతోను, ఇన్నూటికిఁ బైఁబడిన చిత్రములుగా లిఖించెను. వీనిని కేవల ప్రకృతిచిత్రములనుట నాకు సమ్మతము గాదు.

నాఁటి డచ్చిదేశము రాజు లేని గణతంత్రము. స్పెయిన్ సేనలకు ఆశ్రయము గాకుండుటకై ఎగ్మాంట్ కోటను 1573లో స్పెయిన్ రాజుపైఁ దిరుగఁబడిన డచ్చి పక్షమువారే ధ్వంసము చేసిరి. అధికారము నగరవర్తకుల హస్తగతమయ్యెను. అయినను సుగంధద్రవ్యములవలనను, ధాన్యవ్యాపారమువలనను కోట్లు గడించిన ఆ వర్తకుఁడే, కూడఁబెట్టిన ధనముతోఁ బ్రాఁతప్రభువుల గ్రామాధిపత్యములను గొని, ఫలాని యూరి దొరగాఁ బిలిపించుకొనఁ దహతహలాడెను! పుట్టుకతో రాని గౌరవమునకు ప్రాచీనకుడ్యములే సాక్ష్యము పలుకవలసివచ్చెను.

ఆ కాలపు మఱియొక డచ్చి చిత్రకారుఁడగు రూయిస్‌డాల్ మహాశయుఁడు, సరిహద్దునకావల జర్మనీలో చిన్నగుట్టపైనున్న బెంట్‌హైమ్ కోటను, ఉన్నతశైలాగ్రమున నిలిపి చిత్రించెను. రోఖ్‌మన్ అంతటి ముఖస్తుతికిఁ బూనుకొనక, కందకమును, వంతెనను, శిథిలగోపురమును ఉన్నదున్నట్లు చూపెను. ఆ నిజాయితీయే నా కెక్కువ రుచించును. అయినను ఆ కందకములను ద్రవ్వినవారికి, కౌలు చెల్లించిన కర్షకులకు అందుఁ బ్రాధాన్యము లేదు. కావున నేఁటి ప్రదర్శనశాలలు చిత్రకారుని నామముతోఁబాటు నాఁటి యజమాని నామమును, అతఁ డా కోటను బడసిన విధమును, దానిక్రింద నున్న గ్రామములను గూడఁ బేర్కొనుట యుచితము.