రాయబారి రాకకు ముందు అడుగవలసిన మాట

విదేశ రాయబారి యొకరు రాష్ట్రపతి భవనమునకు విచ్చేసి, తమ దేశాధిపతి వ్రాసి యిచ్చిన విశ్వాస పత్రమును మన రాష్ట్రపతి చేతికి సమర్పించు చిత్రము పత్రికలలో తఱచుగా గనిపించును. సైనిక వందనము, వరుస తీరిన అధికారులు, నవ్వు మొగములు! ఇది చూచి, "రెండు కాగితముల కింత ఆర్భాటమేల?" యని హేళన చేయు విద్యావంతులు లేకపోలేదు. వారికి మేము చెప్పవలసిన దొక్కటి. ఆ యుత్సవము ఈ వ్యవహారములో కడపటి యంకము మాత్రమే. అసలు నిర్ణయము అంతకు ఎన్నో దినములకు ముందే, పత్రికలవారి కంటబడకుండ, ముగిసియుండును.

ఒక దేశము మఱియొక దేశమునకు రాయబారిని పంపదలచినపుడు ముందుగా ఆ వ్యక్తి పేరును రహస్యముగా తెలిపి, "ఈతడు మీకు సమ్మతమా?" యని యడుగవలెను. ఈ సమ్మతినే దౌత్య పరిభాషలో "అగ్రేమా" యను ఫ్రెంచి మాటతో వ్యవహరింతురు. అది లభించిన పిమ్మటనే పేరు ప్రకటించుట, ప్రయాణము కట్టుట. వచ్చినవాడు మొదట పత్రపు నకలును విదేశాంగ శాఖకిచ్చి, పిదప అసలు పత్రమును దేశాధిపతికి సమర్పించును. ఈ రెంటిలో దేనితో అతని యధికారము ప్రారంభమగునో ఆయా దేశముల యాచారము నిర్ణయించును. ఆ దినమును, ఆ గడియను బట్టియే రాయబారులలో జ్యేష్ఠత. పంపిన దేశపు సైన్యబలమును బట్టి గాదు. ఎవరి బండి ముందు నడువవలెనని స్పెయిన్, ఫ్రాన్సు రాయబారుల పరివారములు 1661లో లండను వీథిలో కత్తులు దూసి ప్రాణములు తీసికొన్న కాలము గతించినది.

అడిగినపుడు కాదనుటకు హక్కు గలదు. ఆ హక్కు సదా న్యాయముగా వినియోగపడినదని మే మనము. అమెరికా ప్రభుత్వము 1885లో ఆంథొనీ కైలీ యను వర్జీనియా న్యాయవాదిని ఇటలీకి ప్రతినిధిగా నియమించెను. పోపు రాజ్యమును ఇటలీ కలుపుకొనుటను ఖండించుచు ఆయన 1871లో నొక సభలో మాటలాడియుండెను గాన ఇటలీ అభ్యంతరము చెప్పెను. అది కొంతవఱకు అర్థము చేసికొనదగినదే. పిమ్మట ఆయననే ఆస్ట్రియా-హంగరీకి నియమించిరి. వియన్నా ప్రభువులు చెప్పిన కారణ మేమి? ఆయన భార్య యూదు స్త్రీ యట! ఉద్యోగములకు మతపరీక్ష తమ రాజ్యాంగమునకు విరుద్ధమని అమెరికా విదేశాంగమంత్రి బేయర్డు గట్టిగా బదులు వ్రాసెను. అయినను వియన్నా ద్వారము తెఱవలేదు. కైలీ పదవిని విడిచెను.

ఆ వియన్నా నగరముననే 1961లో కుదిరిన యొడంబడిక, నిరాకరణకు కారణము చెప్పనక్కఱలేదని తన 4వ అధికరణమున శాసించినది. కైలీ కథ తెలిసినవారికి ఈ నియమము మింగుడుపడదు. మౌనము చాటున ఎట్టి దురభిమానమైనను దాగియుండవచ్చును. అయినను మేము ఈ నియమమునే సమర్థింతుము. కారణము చెప్పవలసిన నిర్బంధమున్నచో, బలవంతుడు ఆ కారణముతో తగవునకు దిగును. బలహీనుడు జంకి తలయూపును. ఆక్రమిత ప్రాంతములలోని వలసవాసుల సంఘమునకు పూర్వాధ్యక్షుడైన డానీ దయానును ఇజ్రాయెలు 2015లో బ్రెజిలుకు రాయబారిగా నెన్నుకొనగా, బ్రెజిలు ఔననలేదు, కాదనలేదు. నెలలు గడచినవి. 2016లో ఇజ్రాయెలు ఆయనను న్యూయార్కునకు కాన్సలు జనరలుగా పంపుకొనెను.

మనకు ఈ విషయము పుస్తకజ్ఞానము గాదు. హైదరాబాదు కోఠీలో నేడు స్త్రీల విద్యాలయముగా నున్న మహాసౌధము ఒకప్పుడు ఇంగ్లీషు రెసిడెంటు నివాసము. కుంపిణీవారికి ముందుగా తెలుపక, వారితో ఆలోచింపక, నైజాము ఇతర రాజ్యములతో సంప్రదింపులు జరుపరాదని 1800 నాటి సంధి కట్టడిచేసెను. రెసిడెంటును ఎన్నుకొనువారు కలకత్తాలోని గవర్నరు జనరలు. "ఈతడు మీకు సమ్మతమా?" యను ప్రశ్నకు అక్కడ తావెక్కడిది? వచ్చినవాడు అతిథివలె వచ్చి యజమానివలె కూర్చుండెను.

అమెరికా తొలి రాయబారి హెన్రీ గ్రేడీ 1947 జూలై 1వ తేదీన ఢిల్లీలో తన విశ్వాస పత్రమును సమర్పించెను. స్వాతంత్ర్యమునకు ఇంకను ఆఱు వారములు గడువుండెను. ఆ పత్రము నందుకొన్నది వైస్రాయి మౌంటుబాటెను.