సూది మనది, డిజైన్ ఎవలది?

బట్ట మనకు ఉత్త సోకు కాదు. 1927 డిసెంబర్‌లో మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ మన ఆడవాళ్లతో, కులాన్ని పట్టిచ్చే చీరకట్టును, నగలను విడిచిపెట్టమన్నడు. బట్ట ఆత్మగౌరవం. మరి ఆ బట్ట మీది పని మనకు అన్నమెందుకు పెడుతలేదు?

ధర్పల్లి దిక్కు బీడీలు చుట్టే చేతులే కుట్టుమిషన్ కూడ పట్టినయి. ఫ్రేములో బట్ట బిగించి, కాలితో తొక్కుతూ, చేతితో జరుపుతూ జాకెట్టు మీద నెమలి తీస్తే పూటంత పడుతది. కంప్యూటర్ మిషన్‌కు డిజైన్ ఫైల్ ఎక్కిస్తే చాలు, సూదులు తామే రంగులు మార్చుకుంటయి. ఆ మిషన్ ధర లక్షల్లో ఉన్నది. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం దర్జీకి పనిముట్ల కోసం ఇచ్చేది 15 వేలు. మొదటి విడత అప్పు లక్ష. అంటే మనకు తొక్కుడు మిషన్, షావుకారికి కంప్యూటర్!

మిషన్‌తోటి మాకు పంచాయితీ లేదు. అది ఎవరి చేతిలో ఉన్నదన్నదే పంచాయితీ. తండాల అక్కలు తరతరాలుగా కుట్టిన అద్దాల పనిని ఎవడో ఫైల్ చేసి అమ్ముకుంటే, ఆ అక్కలకు దక్కేదేంది?

పీకో, ఫాల్ నేర్పి సర్టిఫికెట్ చేతిల పెడితే సరిపోదు. డిజైన్ గీసుడు, ఫైల్ చేసుడు నేర్పాలె. మహిళా సంఘం పేరు మీద మిషన్ ఇయ్యాలె. కూలి కాదు, వాటా కావాలె. అక్కల్లారా, సర్టిఫికెట్ తీసుకునే ముందు అడుగుండ్రి: మిషన్ ఏది?