కాల్చివేసిన తిత్తులు, మిగిలిన రాగాలు



ఆదికాండము 4వ అధ్యాయములో యూబాలు అనే పేరు కనబడుతుంది. వాద్యములు వాయించేవారికి మూలపురుషునిగా లేఖనము అతనిని పేర్కొంటుంది. అతడు కయీను వంశస్థుడు. అయినను అటువంటి వాద్యములే తరువాతి కాలములో దేవుని మందిరములో స్తుతికి ఉపయోగపడ్డాయి. ఈ సంగతిని మనస్సులో ఉంచుకొని, ఈ నెల మిమ్మును స్కాట్లండు, ఐర్లండు దేశాల పల్లెలకు తీసుకొని వెళ్లాలని మా కోరిక. అక్కడి జానపద రాగాల చరిత్రలో తల్లిదండ్రులకు, సంఘ పెద్దలకు, మా వంటి కాపరులకు ఒక హెచ్చరిక ఉంది.

మన వీధి భాగవతాలలో, తోలుబొమ్మలాటలలో శ్రుతి కోసం ఊదే మేకతోలు తిత్తిని పెద్దవారు చూచి ఉంటారు. స్కాట్లండు బ్యాగ్‌పైపు ఆ కోవకు చెందినదే. వాద్యగాడు నోటితో ఊది తిత్తిని నింపి, చంకలో పెట్టి నొక్కుతాడు. మూడు గొట్టాలు ఎడతెగక శ్రుతి ఇస్తుంటే, వేరొక గొట్టము రంధ్రాలపై వ్రేళ్లు ఆడించి రాగము పలికిస్తాడు. దానికి ఉన్నవి తొమ్మిది స్వరాలే. పాట నడుమ శబ్దమును ఆపడానికి వీలులేదు. కనుక ఒకే స్వరము రెండుసార్లు పలకాలంటే నడుమ మరొక స్వరమును రెప్పపాటున తాకించాలి. ఆ చిన్న చిన్న విరుపులే దాని అందము.

ఐర్లండువారి ఇలన్ పైపు వేరు. ఇలన్ అంటే వారి భాషలో మోచేయి. దానిని నోటితో ఊదరు. కూర్చుండి, కమ్మరి కొలిమితిత్తి వంటి చిన్న తిత్తిని మోచేతితో ఆడించి గాలి నింపుతారు. ఏడేళ్లు నేర్చుకొని, ఏడేళ్లు సాధన చేసి, ఏడేళ్లు వాయిస్తేనే పైపరు అవుతాడని అక్కడివారు చెప్పుకొంటారు.

అటువంటి వాద్యము పేదవానికి అందదు గదా! పేదవానికి దొరికినది ఆరు రంధ్రాల రేకు పిల్లనగ్రోవి. దానినే విజిల్ అంటారు. 1843లో ఇంగ్లండులోని సఫోక్ ప్రాంతపు వ్యవసాయ కూలీ రాబర్ట్ క్లార్క్ రేకుతో వీటిని చేయడం ప్రారంభించాడు. తోపుడుబండిలో సామాను వేసుకొని, దారి పొడుగునా విజిళ్లు చేసి అమ్ముకొంటూ మాంచెస్టరుకు నడిచి వెళ్లాడని చెబుతారు. చౌకగా దొరికే ఆ రేకు గొట్టము ఐర్లండు పల్లెలలో ఎందరో పిల్లలకు మొదటి వాద్యమైంది.

ఈ రాగాలలో ఎక్కువ భాగము పుస్తకాల వలన నిలిచినవి కావు. స్కాట్లండుకు చెందిన స్కై దీవిలో మెక్‌క్రిమన్ కుటుంబమువారు తరతరాలుగా పైపర్లు. వారి వంటివారు రాగాలను నోటి అక్షరాలతోనే శిష్యులకు నేర్పేవారు. మన మృదంగ విద్వాంసులు తకధిమి అని చెప్పి నేర్పినట్టే, ఒక్కొక్క స్వరానికి, ఒక్కొక్క విరుపుకు ఒక్కొక్క అక్షరము ఉండేది. గురువు పాడాలి, శిష్యుడు వినాలి. ఇద్దరిలో ఒకరు ఊరకుంటే ఆ పాట అక్కడితో సరి.

ఆ స్కై దీవిలోనే 19వ శతాబ్దపు ఆరంభములో గొప్ప ఉజ్జీవము వచ్చింది. డోనల్డ్ మన్రో అనే అంధ బోధకుని మాటలు విని అనేకులు మారుమనస్సు పొందారు. ఆయన అంతకు మునుపు ఊరివారి వేడుకలలో ఫిడేలు వాయించినవాడు. పెండ్లిండ్లలోను, జాతరలలోను త్రాగుడు, తగవులు ఎంత నాశనము చేస్తున్నాయో ఆయనకు తెలుసు. ఆయన బోధకు లోబడి ప్రజలు తమ ఫిడేళ్లను, పైపులను తెచ్చి స్నిజోర్ట్ అనే సముద్రపు పాయ తీరాన కుప్పగా పోసి కాల్చివేశారని ఆ ప్రాంతపు చరిత్రలు చెబుతాయి.

ఇది ప్రొటెస్టెంటులకే పరిమితము కాదు. కతోలికుల దేశమైన ఐర్లండులో నాట్యశాలలకు అనుమతిపత్రము ఉండాలని 1935లో చట్టము వచ్చింది. దానిని చూపి కొందరు గురువులు, పోలీసులు పల్లె ఇండ్లలో జరిగే పాటల కూటములను కూడా ఆపించారు. పెద్దలు వాయిస్తుంటే పిల్లలు గోడవార కూర్చుండి నేర్చుకొనే బడి అదే. అది అనేక గ్రామాలలో మూతపడింది.

వారి ఆత్రుతను మేము అపహసించము. త్రాగుడు ఎన్ని కాపురాలను కూల్చుతుందో మన గ్రామాలలో మనమూ చూస్తున్నాము. అయితే పాపము త్రాగినవానిలో ఉన్నదా, తిత్తిలో ఉన్నదా? కలుపు తీయబోయి పైరును పీకివేయరాదు.

రాగమునకు పాపము అంటదు అనడానికి ఒక నిదర్శనము చూడండి. ఐర్లండులో పాట్రిక్ జాయిస్ అనే పండితుడు 1909లో జానపద రాగాల గ్రంథము ఒకటి ప్రచురించాడు. అందులో ప్రియురాలితో దారి నడిచే ఒకని ప్రేమపాట ఉంది. పదేళ్లకు, 1919లో, ఐర్లండు సంఘపు కీర్తనల పుస్తకము ఆ రాగమునే తీసుకొని, దేవుడే నా దృష్టిగా ఉండాలని వేడుకొనే ప్రాచీన ఐరిష్ ప్రార్థనకు జత చేసింది. స్లేన్ అనే కొండ పేరు ఆ రాగమునకు పెట్టారు. నేడు లోకమంతటా ఆరాధనలలో ఆ రాగము వినబడుతుంది. ఎవరైనా దానిని ముందే కాల్చివేసి ఉంటే?

అలాగే జాన్ న్యూటన్ వ్రాసిన అద్భుత కృప కీర్తనను 1972లో స్కాట్లండు సైనిక దళమొకటి పైపులపై వాయించి రికార్డు చేయగా, బ్రిటనులో అయిదు వారాలు మొదటి స్థానములో నిలిచింది. ఆ రాగమునకు ఉన్నవి మన మోహన రాగపు అయిదు స్వరాలే. పైపు యొక్క తొమ్మిది స్వరాలలో అది చక్కగా ఇమిడిపోయింది.

ఇక ఈ రాగాలను కాపాడినది ఎవరు? 1845 మొదలు 1852 వరకు ఐర్లండులో ఘోరమైన కరవు. పది లక్షల మంది చనిపోయారు. అంతకు తక్కువ కానివారు ఓడలెక్కి దేశము విడిచారు. ఆ కరవులో, 1848లో, పుట్టినవాడు ఫ్రాన్సిస్ ఓనీల్. ఇల్లు విడిచి సముద్రముపై పని చేసి, చివరకు అమెరికాలోని షికాగోలో పోలీసుగా చేరి, 1901లో ఆ శాఖకే అధిపతి అయ్యాడు. వలస వచ్చిన కూలీలు, పోలీసులు జ్ఞాపకముంచుకొన్న రాగాలను ఆయన వెదకి వెదకి విన్నాడు. అదే శాఖలో పనిచేసే జేమ్స్ ఓనీల్ వాటిని స్వరలిపిలో వ్రాశాడు. ఇద్దరిదీ ఇంటిపేరు ఒకటే గాని బంధుత్వము లేదు. 1903లో వారు వెలువరించిన గ్రంథములో 1850 రాగాలున్నాయి.

మరొకడు జానీ డోరన్. గుఱ్ఱపుబండిలో కుటుంబముతో తిరుగుతూ సంతలలోను, పందెములలోను పైపు వాయించి బ్రతికిన సంచార జాతివాడు. స్థిరనివాసులు చిన్నచూపు చూచే జాతి అది. జాన్ కెల్లీ అనే ఫిడేలు వాద్యగాడు పట్టుబట్టగా, 1947లో జానపద విభాగమువారు ఆయన వాద్యమును రికార్డు చేశారు. 1948 జనవరిలో ఆయన బండిమీద గోడ కూలింది. 1950లో చనిపోయాడు. కొన్ని నెలలు ఆలస్యమై ఉంటే ఆ వ్రేళ్ల విద్య మనకు వినబడేది కాదు.

1968 నాటికి ఇలన్ పైపు వాయించేవారు బహు కొద్దిమంది మిగిలారు. వారు కూడి ఒక సంఘముగా ఏర్పడి పిల్లలకు నేర్పడం ప్రారంభించారు. 2017లో యునెస్కో ఈ విద్యను మానవాళి వారసత్వముల జాబితాలో చేర్చింది. సజీవముగా నిలిచినది కొద్దిమందే, అయితే వారు తమకు తెలిసినదానిని తమతో పాతిపెట్టుకోలేదు.

ప్రియులారా, మన ఇండ్లలోనూ ఇటువంటి ధనము ఉంది. పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలను అసలైన వరుసలో పాడగల అవ్వలు ఎంతమంది మిగిలారు? నాట్లు వేస్తూ పాడిన పాటలు, ఉయ్యాల పాటలు ఎవరికి వచ్చు? కొత్త పాటలు వద్దని మేము అనము. కాని పాతవాటిని వినేవారు లేక పోనివ్వడము కూడా ఒక విధముగా కాల్చివేయడమే. ఇక్కడ నిప్పు కనబడదు, అంతే.

కనుక ఈ నెలలో ప్రతి కుటుంబమువారు ఒక పని చేయండి. కుటుంబ ప్రార్థన అయిన తరువాత తాతయ్యను గాని, నాయనమ్మను గాని పాడమని అడగండి. సెల్‌ఫోనులో రికార్డు చేయండి. అక్కడితో ఆగక, పిల్లల చేత ఆ వరుసను తిరిగి పాడించండి. ఫోనులో దాచిన పాటను ఎప్పుడో ఒకప్పుడు వింటారు. నోట నేర్చుకొన్న పాటను మరొకరికి నేర్పుతారు.

మీ గృహములలో పాట ఆగిపోకుండునట్లు ప్రభువు కృప చూపును గాక.