బైక్ విప్పే హక్కు, కొలిచే బాధ్యత

స్పోర్ట్స్ బైక్ కొన్న కుర్రాడి ముందు నేడు రెండు దారులే కనిపిస్తున్నాయి. మొదటిది, చైన్‌కు నూనె వేయించడానికి కూడా సర్వీస్ సెంటర్‌కు వెళ్లి వరుసలో నిలబడటం. రెండోది, ఫోన్‌లో అర నిమిషం వీడియో చూసి సైలెన్సర్ కోయించేయడం. వీటి మధ్య మూడో దారి ఒకటుంది. మన బండిని మనమే చూసుకోవడం, కానీ ప్రతి పనినీ కొలిచి చేయడం. ఆ దారిలో నడిచేవారు తక్కువగా ఉండటానికి యువత దూకుడు ఒక్కటే కారణం కాదు. వారికి అవసరమైన అంకెలు అందుబాటులో లేకపోవడం అంతకంటే పెద్ద కారణమని నా అభిప్రాయం.

ఈ మాట చెప్పడానికి సూరత్‌కు మించిన చోటు లేదు. యంత్రంతో కలిసి బతికే ఊరు ఇది. లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చినవే. పడుగు బిగువు కాస్త ఎక్కువైతే పోగు తెగుతుంది, తక్కువైతే బట్ట పాడవుతుంది. వేలితో తాకి, చప్పుడు విని ఆ తేడా పట్టేయగల కార్మికులు ఆ ఇళ్లలో ఉన్నారు. ఉత్తరాయణ్ వచ్చిందంటే గాలిపటాల మాంజా మెడకు తగలకుండా హ్యాండిల్‌కు వంపు తిరిగిన తీగను అమర్చుకోవడం ఇక్కడి బైకర్లకు మామూలే. ప్రాణం కాపాడే ఇలాంటి చిన్న ఇంజినీరింగ్‌ను జనం సొంతంగా చేసుకుంటున్నారు. చేతులకు నైపుణ్యం ఉంది. దానికి కొలత తోడు కావాలి.

చైన్ చెప్పే పాఠం

చైన్ వదులు సంగతే చూద్దాం. చాలా బైక్‌లకు రెండు మూడు సెంటీమీటర్ల ఊగులాట ఉండాలని యజమాని పుస్తకం చెబుతుంది. ‘బిగుతుగా ఉంటే మంచిదే కదా’ అనిపిస్తుంది. కానీ వెనుక చక్రాన్ని పట్టుకున్న చేయి ఒక కేంద్రం చుట్టూ తిరిగితే, చైన్‌ను లాగే ముందు స్ప్రాకెట్ కేంద్రం మరోచోట ఉంటుంది. గుంతలో పడి సస్పెన్షన్ కుంగినప్పుడు రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం మారి చైన్ బిగుస్తుంది. ముందే వదులు లేకపోతే ఆ లాగుడంతా గేర్‌బాక్స్ షాఫ్ట్, బేరింగుల మీద పడుతుంది. వదులు మరీ ఎక్కువైతే చైన్ పళ్ల మీద నుంచి జారిపోతుంది. సూరత్‌లో సముద్రపు ఉప్పుగాలి, వానాకాలపు తేమ తుప్పును త్వరగా తెస్తాయి. కాబట్టి ఇక్కడ చైన్‌ను తరచూ తుడిచి, నూనె వేసి, స్కేలు పెట్టి కొలవడం అలంకారం కాదు, అవసరం.

బోల్టు బిగింపులోనూ ఇదే సూత్రం. 15 సెంటీమీటర్ల పానా చివర 10 కిలోల బరువంత బలం వేస్తే బోల్టు మీద పడే మెలి సుమారు 15 న్యూటన్ మీటర్లు. అదే బలాన్ని 30 సెంటీమీటర్ల పానాతో వేస్తే అది 30 అవుతుంది. చేతికి మాత్రం రెండూ ఒకేలా అనిపిస్తాయి. పైగా మనం వేసే మెలిలో దాదాపు 90 శాతం ఘర్షణకే ఖర్చవుతుంది. మిగిలిన 10 శాతమే బోల్టును సాగదీసి బిగువుగా ఉంచుతుంది. పొడిగా ఉండాల్సిన మరకు నూనె రాస్తే ఘర్షణ తగ్గి, అదే మెలికి బోల్టు అనుకున్నదానికంటే ఎక్కువ సాగుతుంది. అల్యూమినియం ఇంజిన్ కేసులో మరలు ఊడిపోయేది ఇలాగే. మెరిసే స్టిక్కర్లు, రంగు లివర్ల కంటే ముందు కొనాల్సింది టార్క్ రెంచ్.

టైర్ల విషయానికొస్తే, జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల వద్ద 29 పీఎస్ఐ గాలి నింపారనుకుందాం. ఎండలో తిరిగి టైరులోని గాలి 45 డిగ్రీలకు చేరితే గేజ్ దాదాపు 33 లేదా 34 చూపిస్తుంది. టైరు తన పని తాను చేస్తోంది, తప్పేమీ లేదు. అది చూసి గాలి తీసేస్తే చల్లబడ్డాక పీడనం తక్కువైపోతుంది. టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలనే నియమం వెనుక ఉన్నది పాఠశాలలో చదివిన వాయు సూత్రమే.

‘పికప్’ పెరిగిందా, వాతావరణం మారిందా?

ఇక ట్యూనింగ్. ఎయిర్ ఫిల్టర్ మార్చాను, పికప్ అదిరిపోయింది అనే మాట తరచూ వింటాం. ఇంజిన్ శక్తి అది పీల్చే గాలి ద్రవ్యరాశి మీద ఆధారపడుతుంది. అదే పీడనం వద్ద 15 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 9 శాతం తక్కువ. అంటే మే నెల మధ్యాహ్నం నడిపిన బండినే జనవరి ఉదయం నడిపితే, ఒక్క నట్టు కూడా తిప్పకుండానే తేడా తెలుస్తుంది. ఇలాంటప్పుడు ఫిల్టర్ పనితనమేదో, చలికాలపు చలవ ఏదో చెప్పాలంటే కొలత ఒక్కటే దిక్కు. అదే రోడ్డు, అదే సమయం, అదే బరువు, అదే టైరు పీడనం ఉండాలి. ఒకేసారి ఒకే మార్పు చేయాలి, కనీసం నాలుగైదు సార్లు నమోదు చేయాలి. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు అనిపించడం మన మెదడు చేసే మోసం.

మైలేజ్ పడిపోయిందని మెకానిక్‌ను తిట్టే ముందు కూడా లెక్క చూడాలి. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇంధనంతో, పాత ప్రమాణాలకు తయారైన ద్విచక్ర వాహనాల సామర్థ్యం 3 నుంచి 4 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే అంచనా వేసింది. ట్యాంకు నిండా పోయించి, మళ్లీ నిండా పోయించే వరకు లెక్క రాసుకునే అలవాటు ఉన్నవారికే ఈ తేడా అర్థమవుతుంది.

సెన్సర్‌ను మోసగిస్తే

2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి. ఆ తర్వాతి బైక్‌లలో సైలెన్సర్ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను అది గమనిస్తుంటే, ఇంజిన్ కంప్యూటర్ ఇంధనాన్ని సర్దుతుంది. మామూలు పెట్రోల్ అయితే ఒక పాలుకు 14.7 పాళ్ల గాలి, 20 శాతం ఇథనాల్ కలిస్తే సుమారు 13.5 పాళ్లు చాలు. ఆ నిష్పత్తికి దగ్గరగా ఉన్నప్పుడే ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత ఉన్న ఉత్ప్రేరకం కార్బన్ మోనాక్సైడ్, మండని హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడ్లు అనే మూడు విషాలనూ ఒకేసారి తగ్గించగలదు.

కొందరు ట్యూనర్లు చేసే మొదటి పని ఈ ఉత్ప్రేరకాన్ని పీకేయడం. రెండో పని సెన్సర్‌కు అబద్ధం చెప్పే చిన్న పెట్టె తగిలించడం. ‘పొల్యూషన్ సర్టిఫికెట్ వచ్చింది కదా’ అంటారు. పెట్రోల్ ద్విచక్ర వాహనాలకు ఆ పరీక్షలో చూసేది నిలబడి ఉన్న బండి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లను మాత్రమే. నైట్రోజన్ ఆక్సైడ్ల లెక్క అందులో లేదు. ఆ కాగితం నిర్దోషిత్వానికి రుజువు కాదు.

ఇక్కడ సూరత్ దేశానికి నేర్పిన పాఠం గుర్తు చేసుకోవాలి. ధూళి కణాల ఉద్గారాలకు మార్కెట్ పద్ధతిని 2019లో ఈ నగర పరిసరాల్లోని పరిశ్రమల్లోనే ప్రయోగించారు. చిమ్నీలకు నిరంతరం కొలిచే పరికరాలు పెట్టి, మొత్తం కాలుష్యానికి పరిమితి విధించి, అనుమతులను కొనుగోలు, అమ్మకం చేసుకోనిచ్చారు. 300కు పైగా పరిశ్రమలపై సాగిన ఆ అధ్యయనంలో, మార్కెట్‌లో చేరిన పరిశ్రమల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయని తేలింది. కొలవడం మొదలైతేనే తగ్గించడం సాధ్యమైంది. మిల్లు చిమ్నీకి మీటరు కావాలని కోరే మనం, మన బండి గొట్టంలోని మీటరును పీకేస్తే ఎలా?

ఇంట్లో గీయాల్సిన గీత

అన్ని పనులూ ఇంట్లో చేయదగినవి కావు. చైన్ శుభ్రం, టైరు గాలి, ఆయిల్ మార్పు, ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, క్లచ్ వదులు సరిచేయడం ఓపిక ఉన్న ఎవరైనా నేర్చుకోవచ్చు. బ్రేక్ లైన్లు విప్పడం, ఫోర్క్ లోపలి భాగాలు మార్చడం, ఇంజిన్ కంప్యూటర్ మ్యాప్ దిద్దడం అనుభవజ్ఞుడి పక్కన నిలబడి నేర్చుకున్నాకే చేయాలి. బ్రేక్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ప్రమాణం ప్రకారం పొడి ద్రవం కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ చేరాక ఆ పరిమితి 155 డిగ్రీలకు దిగిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, లివర్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు.

ఇంకో మూడు మాటలు. చైన్ తుడిచేటప్పుడు ఇంజిన్ ఆపి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. గేరులో నడుస్తున్న చైన్‌కు గుడ్డ చిక్కుకుంటే వెంట వేళ్లు కూడా పోతాయి. చైన్ నూనె ఒక్క చుక్క కూడా డిస్క్ మీద పడకూడదు. వాడిన ఆయిల్‌ను కాలువలో పోయకూడదు. సూరత్‌లో కాలువలు ఖాడీల్లోకి, ఖాడీలు సముద్రం వైపు సాగుతాయి. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ తీసుకునే గ్యారేజ్‌కు ఇవ్వాలి.

అంకెలు ఎవరి సొత్తు?

ఇప్పుడు అసలు వివాదం. పైన చెప్పిన పనులకు కావలసిన టార్క్ విలువలు, వాల్వ్ సందు కొలతలు, లోపాల కోడ్ల అర్థాలు పూర్తిగా ఉండేది వర్క్‌షాప్ మాన్యువల్‌లో. కొన్నవాడికి ఇచ్చే చిన్న పుస్తకంలో వాటిలో కొన్నే ఉంటాయి. శిక్షణ లేనివారి చేతికి ఇస్తే ప్రమాదమని కంపెనీల వాదన. అందులో కొంత నిజముంది. బ్రేకు తప్పుగా బిగిస్తే పోయేది బండి నడిపేవాడి ప్రాణమే కాదు, ఎదురుగా వచ్చేవాడిది కూడా. కానీ అంకె దాచినంత మాత్రాన బోల్టు విప్పేవాడు ఆగడు. అంకె తెలియకుండా విప్పుతాడు, అంతే తేడా. ప్రమాదం తగ్గదు, పెరుగుతుంది.

విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి గ్యారేజ్‌లకు అందనివ్వడం లేదంటూ 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు రూ.2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది, ఒక పోర్టల్‌నూ ప్రారంభించింది. వాహన రంగాన్ని కూడా అందులో చేర్చింది. ఐరోపా సమాఖ్య అయితే 2013 నాటి నిబంధనలోనే మోటార్‌సైకిళ్ల మరమ్మతు సమాచారాన్ని స్వతంత్ర మెకానిక్‌లకు అందించాలని తయారీదారులను ఆదేశించింది. మన దగ్గర పోర్టల్ ఉంటే చాలదు. ప్రతి మోడల్ పూర్తి మాన్యువల్ ఉచితంగా, గుజరాతీ, తెలుగు వంటి భాషల్లోనూ ఉండాలి.

ఆ బాధ్యత కంపెనీలది మాత్రమే కాదు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, సూరత్‌లోని ఎస్‌వీఎన్ఐటీ వంటి సంస్థలు నెలకో ఆదివారం తమ వర్క్‌షాప్ తలుపులు తీయవచ్చు. టార్క్ రెంచ్, పొగను విశ్లేషించే పరికరం, శక్తిని కొలిచే డైనమోమీటర్ ముందు ఒక కుర్రాడు తన బండిని నిలబెట్టి, తాను చేసిన మార్పు నిజంగా ఏం చేసిందో చూస్తే చాలు. డబ్బు పోసి పెంచుకున్న చప్పుడు శక్తి కాదని ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది. అతని బండి పొగ పీల్చేది ముందుగా అతని వీధిలోని పిల్లలేనన్న సంగతీ తెలుస్తుంది.

సొంత బండిని విప్పే హక్కు మనకు ఉండాలి. ఆ హక్కును గట్టిగా అడగాలంటే, విప్పిన ప్రతి బోల్టునూ సరైన కొలతకు తిరిగి బిగించగలమని మనం ముందు చూపించాలి.