రోగి రహస్యం పోతే నష్టం ఎవరు తీర్చాలి?

వైద్యుని ఎదుట కూర్చున్న రోగి తన చేతినాడిని మాత్రమే కాదు, ఇంటి గుట్టును కూడా అప్పగిస్తాడు. మలమూత్రాల సంగతి, దాంపత్యంలోని లోటు, మనసును తొలిచే భయం, కన్నతల్లికైనా చెప్పని మాటలు వైద్యునికి చెప్పక తప్పదు. అందుకే చరక సంహిత విమానస్థానం ఎనిమిదవ అధ్యాయంలో, విద్యారంభ వేళ శిష్యునికి గురువు చేసే ఉపదేశంలో, రోగి ఇంటి విషయాలు బయట చెప్పరాదన్న నియమం ఉన్నది.

ఈ నియమం నాకు గ్రంథం వలన కంటె అనుభవం వలననే ఒంటబట్టింది. గురుకులంలో ఒకనాడు కల్వంలో మందు నూరుతూ, ఒక రైతు మూలవ్యాధి సంగతి తోటి విద్యార్థికి నవ్వుతూ చెప్పాను. ఆ మాట ఊరిలోకి పాకింది. గురువుగారు నెల రోజులపాటు నన్ను రోగి నాడి ముట్టనివ్వలేదు. అంతటితో వదలలేదు. నన్ను ఆ రైతు ఇంటికి తీసుకువెళ్లి, ఆయన ఎదుట తప్పు ఒప్పించి, వారం రోజులు ఆయన చేలో పని చేయించారు. శిక్ష వేరు, నష్టం తీర్చడం వేరు అని ఆనాడు తెలిసింది. నేడు ఆసుపత్రుల కంప్యూటర్లలోని రోగుల వివరాలు దొంగల పాలవుతున్న వార్తలు చదివినప్పుడల్లా ఆ సంఘటనే గుర్తుకు వస్తున్నది.

ఒక గృహిణి ప్రశ్న

ఆమె అనుమతితో, ఆనవాళ్లు మార్చి ఈ సంగతి చెబుతున్నాను. నిద్ర పట్టడం లేదని ఒక గృహిణి నా వద్దకు వచ్చింది. సంతానం కోసం ఒక క్లినిక్కులో దంపతులిద్దరూ పరీక్షలు చేయించుకున్నారు. కొన్నాళ్లకు ఎవరెవరో ఫోను చేసి, వారి రిపోర్టులోని అంకెలు సైతం చెబుతూ, మందులు అమ్మజూపసాగారు. అటువంటి ఫోను ఒకటి మామగారు ఎత్తారు. భార్యాభర్తలు దాచుకున్న సంగతి ఇల్లంతా తెలిసిపోయింది. క్లినిక్కు వారిని అడిగితే, “కంప్యూటరులో ఏదో జరిగింది, మా తప్పేమీ లేదు” అన్నారట.

రాత్రి పాలలో అశ్వగంధ చూర్ణం, అరికాళ్లకు నువ్వులనూనె మర్దన చెప్పి పంపవచ్చును. కాని నిదాన పరివర్జనం, అనగా వ్యాధి కారణాన్ని తొలగించడం, మన చికిత్సలో మొదటి మెట్టు. ఆమె నిద్రలేమికి కారణం వాతప్రకోపం ఒక్కటే కాదు, జరిగిన అన్యాయం కూడా. నష్టపరిహారం అడగవచ్చునన్నాను. ఆమె తల దించుకొని, “పరువు పోయినదానికి డబ్బు అడిగితే ఆశపోతులమనుకోరా అండీ?” అన్నది. మధ్యతరగతి ఇళ్లలో ఈ సంకోచం సహజం. అయినా అది తప్పు అని నా అభిప్రాయం.

ఫిన్లాండు నేర్పిన పాఠం

ఫిన్లాండు దేశంలో ‘వస్తామో’ అనే మానసిక చికిత్సా సంస్థ ఉండేది. దాని కంప్యూటర్ల నుండి సుమారు 33,000 మంది రోగుల వివరాలు అపహరణకు గురైనట్లు 2020 అక్టోబరులో లోకానికి తెలిసింది. చికిత్స వేళ రోగులు చెప్పుకున్న మాటలను రాసుకున్న పత్రాలు కూడా అందులో ఉన్నాయి. దొంగ మొదట సంస్థను బెదిరించాడు. తరువాత రోగులకే నేరుగా ఉత్తరాలు పంపి, 200 యూరోలు ఇవ్వకుంటే రహస్యాలు బయటపెడతానన్నాడు. కొందరి వివరాలు బయటపెట్టాడు కూడా. 2021లో సంస్థ దివాలా తీసింది. రక్షణ లోపాలకూ, సంగతి సకాలంలో తెలుపనందుకూ ఆ సంవత్సరం డిసెంబరులో 6,08,000 యూరోల జరిమానా పడింది. నిందితునికి 2024 ఏప్రిల్‌లో ఆరు సంవత్సరాల మూడు నెలల జైలుశిక్ష విధించారు.

జరిమానా ప్రభుత్వానికి చేరుతుంది, దొంగ జైలుకు చేరుతాడు. రాత్రులు నిద్ర లేక గడిపిన రోగికి ఏమి చేరుతుంది? ఈ ప్రశ్నకు ఐరోపా దేశాలలో కొంత జవాబు ఉన్నది. 2018 మే నుండి అక్కడ అమలులో ఉన్న డేటా రక్షణ నిబంధనలలోని 82వ అధికరణం, ధననష్టానికే గాక మనోవేదనకు కూడా పరిహారం కోరే హక్కు ఇచ్చింది. దొంగిలించిన వివరాలను ఎవరైనా దుర్వినియోగం చేస్తారేమోనన్న భయం కూడా నష్టంగా పరిగణింపదగినదేనని ఐరోపా న్యాయస్థానం 2023 డిసెంబరులో చెప్పింది. భయం, శోకం రోగకారణాలని ఆయుర్వేదం ఏనాడో గుర్తించింది కనుక ఆ తీర్పు మనకు వింతగా తోచదు.

మన చట్టం ఎటు పోతున్నది?

మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 43-ఎ సెక్షను ప్రకారం, సున్నితమైన వివరాలను కాపాడడంలో అజాగ్రత్త వహించి నష్టం కలిగించిన సంస్థ బాధితునికి పరిహారం చెల్లించాలి. వైద్య వివరాలు సున్నితమైనవేనని 2011 నాటి నియమాలు చెబుతున్నాయి. కంపెనీయే కానక్కరలేదు, ఒక్కరే నడిపే క్లినిక్కు కూడా దీని పరిధిలోకి వస్తుంది. అయిదు కోట్ల రూపాయల వరకు గల దావాలను రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగా విచారిస్తారు.

ఇక 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో మంచి అంశాలున్నాయి. వివరాలు పోతే ఆ సంగతి బాధితులకు తెలుపవలసిందే. రక్షణ లోపానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడవచ్చును. కాని ఆ సొమ్ము ప్రభుత్వ సంచిత నిధికి పోతుంది. బాధితునికి ఒక్క రూపాయి ఇప్పించే ఏర్పాటు ఇందులో లేదు. పైపెచ్చు ఈ చట్టమే 43-ఎ సెక్షనును తొలగిస్తున్నది. 2025 నవంబరులో వెలువడిన ప్రకటన ప్రకారం, ఆ తొలగింపు పద్దెనిమిది నెలల తరువాత, అనగా 2027 మేలో అమలవుతుంది. నన్ను నెల రోజులు శిక్షించి, ఆ రైతు ముఖమైనా చూడకుండా మా గురువుగారు ఊరుకొని ఉంటే ఎట్లా ఉండేదో, ఇది అట్లా ఉన్నది. జరిమానాతో పాటు బాధితునికి పరిహారం కూడా ఉండాలని మన ప్రజాప్రతినిధులను అడగవలసిన సమయం ఇదే.

“దొంగ చేసినదానికి మమ్మల్ని కట్టమంటే చిన్న క్లినిక్కులు మూతపడతాయి” అనే వాదన ఒకటి ఉన్నది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే చట్టం అడిగేది అసాధ్యమైనది కాదు, తగిన జాగ్రత్త మాత్రమే. తాకట్టుకు తెచ్చిన నగను తలుపు తీసిన గదిలో పెట్టి, దొంగ ఎత్తుకుపోయాడంటే ఊరుకుంటామా? ఇది మా వైద్యులకు కూడా వర్తిస్తుంది. చర్మవ్యాధుల ఫోటోలు, రిపోర్టులు ఫోనులో తెప్పించుకొని అట్లాగే ఉంచుకునే అలవాటు మాలో పెరిగింది. నేను ఇప్పుడు చికిత్స ముగియగానే వాటిని తీసివేస్తున్నాను. లేనిదానిని ఎవరూ దొంగిలించలేరు.

బాధితులు చేయవలసినది

మొదట సాక్ష్యం భద్రపరచుకోండి. బిల్లులు, రిపోర్టులు, వచ్చిన ఫోను నంబర్లు, తేదీలు, సందేశాలు, ఆ తరువాత చేయించుకున్న చికిత్స ఖర్చులు ఒకచోట ఉంచండి. ఏ వివరాలు పోయాయి, ఎప్పుడు పోయాయి, ఏ చర్య తీసుకున్నారు అని క్లినిక్కును లిఖితపూర్వకంగా అడిగి, స్పీడు పోస్టు రశీదు దాచండి. డబ్బు కూడా పోతే వెంటనే 1930కి ఫోను చేయండి. పై అధికారి వద్దకే గాక జిల్లా వినియోగదారుల కమిషనుకు కూడా వెళ్లవచ్చును. నమ్మి చెప్పిన వ్యక్తిగత వివరాలను ఇతరులకు వెల్లడించడం అనుచిత వ్యాపార పద్ధతి అని 2019 నాటి వినియోగదారుల చట్టం అంటున్నది. అజాగ్రత్త వలన పోతే సేవాలోపం కింద అడగవచ్చును. క్లినిక్కుకు చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. రెండు సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయాలి.

కేసు వేస్తే రహస్యం మరింత పొక్కుతుందన్న భయం ఉంటే, పేరు బయటపెట్టవద్దని మొదటనే కోరండి. 1998లో ఒక రోగి తన వ్యాధిని ఆసుపత్రి వెల్లడించినదని పరిహారం కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లినప్పుడు, తీర్పులో ఆయన పేరు ‘ఎక్స్’ అనే ఉన్నది. ఆయన పెళ్లాడబోయే స్త్రీ ప్రాణరక్షణ ముఖ్యమని కోర్టు ఆ కోరికను తిరస్కరించింది.

ఆ గృహిణి భర్తతో కలిసి క్లినిక్కుకు ఉత్తరం రాసింది. జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల కమిషనుకు వెళతామంటున్నారు. అశ్వగంధ కొనసాగుతున్నది. ఉత్తరం పోస్టు చేసిన రాత్రి మాత్రం చాలా రోజులకు తెల్లవారేవరకు నిద్రపోయానని చెప్పింది.