కయాక్‌లు కొనొచ్చు... తండేల్‌ని కొనలేం!

ఈ మధ్య రీల్స్ తిరగేస్తే ఏదో ఒక దేశంలో, చిన్న చిన్న దీవుల మధ్య రంగురంగుల కయాక్‌లు వరసగా పోతుంటాయి. పగలంతా తెడ్డు వేయడం, సాయంత్రం ఒడ్డున టెంటు, మళ్లీ తెల్లారి ప్రయాణం. ముందు ఒక గైడ్, వెనక ఐదారుగురు టూరిస్టులు. ఇలా నాలుగైదు రోజులు నడిపే ట్రిప్పులు బయట దేశాల్లో చాలామందికి జీవనోపాధి.

మరి మన ఉద్దానం తీరం సంగతేంటి? ఆంధ్రప్రదేశ్ 2024-29 టూరిజం పాలసీలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. పలాసలో విమానాశ్రయం గురించి చర్చ నడుస్తోంది. ఇవాళ కాకపోతే రేపు ఎవరో ఒకరు ఇక్కడికి కయాక్‌లతో వస్తారు. అప్పుడు ముందు పడవలో ఎవరుంటారన్నదే అసలు ప్రశ్న.

దీవులు లేవు, కెరటాలున్నాయి

ముందు ఒక నిజం ఒప్పుకుందాం. బారువ నుంచి భావనపాడు మీదుగా కళింగపట్నం దాకా మ్యాప్‌లో కొలిస్తే దాదాపు 75-80 కి.మీ. రోజుకి 20 కి.మీ. చొప్పున నాలుగు రోజుల దారి. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తాయి. మధ్యలో జీడి, కొబ్బరి, సరుగుడు తోటలు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి వలస వచ్చే పక్షులు సరేసరి. కానీ దీవులు లేవు. తీరం దాదాపు తిన్నగా, సముద్రానికి ఎదురుగా ఉంటుంది.

దీని అర్థం ఏమిటంటే, కెరటాన్ని ఆపే అడ్డు లేదు. దీవుల మధ్య నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లు కూడా నేర్చుకోగలరు. ఇక్కడ ఒడ్డు నుంచి మొదటి వంద మీటర్లే అసలు పరీక్ష. కెరటం విరిగే చోట కయాక్ అడ్డం తిరిగిందంటే బోల్తానే. పొద్దున వెళ్లేటప్పుడు ఒకసారి, సాయంత్రం ఒడ్డుకి వచ్చేటప్పుడు ఇంకోసారి ఆ పరీక్ష తప్పదు.

ఆ వంద మీటర్లు మన మత్స్యకారులకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. ఏ కెరటం వదిలేయాలి, ఏ రెండింటి మధ్య తోయాలి అన్నది వాళ్లకి ఎవరూ క్లాసులో చెప్పలేదు. పైన కూర్చుని నడిపే రకం కయాక్‌ని చూడండి. పైకెక్కిన నీళ్లు వాటంతట అవే జారిపోతాయి, పడవ మునగదు. మన తెప్ప సూత్రం కూడా అదే.

జోస్యం కాదు, డేటా

అనుభవం ఒక్కటే చాలదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అలల ఎత్తు, గాలి, ప్రవాహాల అంచనాలు ఇస్తుంది. వాటిని చదవడం గైడ్ పనిలో సగం. ఉదాహరణకి అల ఎత్తు మీటరే ఉన్నా, రెండు అలల మధ్య వ్యవధి 6 సెకన్లా, 14 సెకన్లా అన్నది చూడాలి. వ్యవధి ఎక్కువైతే ఆ అల దూరం నుంచి ఎక్కువ శక్తి మోసుకొస్తుంది, ఒడ్డున ఇంకా గట్టిగా విరుగుతుంది. ఫోన్‌లో ఎత్తు ఒక్కటే చూసి బయల్దేరితే ప్రమాదం.

క్యాలెండర్ కూడా ముఖ్యమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల పోటు. అక్టోబరు తుపాన్ల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ ప్రాంతాన్ని ఏం చేశాయో ఉద్దానంలో జీడిచెట్టున్న ప్రతి ఇంటికీ తెలుసు. నవంబరులో కూడా తుపాను భయం పోదు. కాస్త నమ్మదగిన కాలం డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి.

లెక్క వేసి చూద్దాం. మూడు నెలలు, నెలకి నాలుగు ట్రిప్పులు, ట్రిప్‌కి నాలుగు రోజులు. మొత్తం 48 పనిదినాలు. ఇది వేటకు తోడయ్యే ఆదాయం తప్ప వేటని మాన్పించే ఉద్యోగం కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే వేట నిషేధ కాలాన్ని కూడా ఇది పూడ్చదు. కానీ ఆ 61 రోజుల్లో ప్రథమ చికిత్స, లైఫ్ సేవింగ్ శిక్షణ పెట్టుకోవచ్చు.

తాబేలుది ముందు హక్కు

ఇంకో చిక్కుంది. మనకి అనువైన ఆ చలికాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్లు ఈ ఇసుక మీదికి వస్తాయి. వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్న జీవి అది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లని 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చింది. ఒడ్డున లైట్లు వెలిగితే, గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం అనుకుని వెలుగు వైపు నడుస్తాయి. కాబట్టి ఇసుక మీద టెంట్లు, క్యాంప్‌ఫైర్, స్పీకర్లు ఇక్కడ కుదరవు.

దాంతో దారి మూసుకుపోయినట్టేనా? లేదు. రాత్రి బస ఊళ్లోకి మార్చండి. మత్స్యకారుల ఇంట్లో గది, వాళ్ల వంట, వాళ్ల చేపల పులుసు. డబ్బు పడవ దగ్గరే ఆగకుండా ఇంటి ఆడవాళ్ల చేతికీ వెళ్తుంది. తాగునీళ్లు మాత్రం ట్రిప్ నడిపేవాళ్లే తెచ్చుకోవాలి. కిడ్నీ జబ్బుతో ఇన్నేళ్లుగా మంచినీళ్ల కోసం పోరాడిన ఉద్దానంలో ఇది చిన్న విషయం కాదు.

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1988లో మొదలైన దీవుల జలమార్గం ఇలాంటి ఒప్పందం మీదే నడుస్తోంది. స్థలం సొంతదారులు అనుమతిస్తారు, వచ్చినవాళ్లు చెత్త తీసి, చోటు బాగు చూసుకుంటారు. మన దగ్గర సొంతదారుల స్థానంలో ఊరు ఉండాలి.

కాగితం ఎవరి చేతిలో?

'తండేల్' సినిమా చూసినవాళ్లకి కథ తెలుసు. 2018లో గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లి పాకిస్తాన్‌కి చిక్కిన మనవాళ్లు 20 మంది 2020 జనవరిలో విడుదలయ్యారు. ఇక్కడ సముద్రం ఉండగా అంత దూరం ఎందుకు వెళ్లారంటే, ఇక్కడ చేతికొచ్చే డబ్బు చాలక. తండేల్ అంటే పడవకి నాయకుడు. కయాక్ గైడ్ చేసే పని కూడా అదే: ఎప్పుడు కదలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పి, అందర్నీ తిరిగి ఒడ్డుకి చేర్చడం.

తేడా ఒక్క కాగితంలో ఉంది. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ లైఫ్ సేవింగ్ లాంటి కోర్సులు నడుపుతుంది. అమెరికన్ కనూ అసోసియేషన్ లాంటి సంస్థలు సముద్ర కయాకింగ్‌కి లెవల్స్ వారీగా సర్టిఫికెట్లు ఇస్తాయి. ఫీజు, ప్రయాణం, ఇంగ్లిష్... ఈ మూడూ దాటగలిగేది సాధారణంగా సిటీ కుర్రాడే. అంటే సముద్రం తెలిసినవాడు సామాన్లు మోస్తాడు, సర్టిఫికెట్ ఉన్నవాడు గైడ్ అవుతాడు. జాగ్రత్తపడకపోతే జరగబోయేది ఇదే.

మనలాంటి ఇంజినీరింగ్ వాళ్లకి కూడా ఇందులో చోటుంది. ఐఐటీ ఢిల్లీలో చదివిన కౌస్తుభ్ ఖాడే గుజరాత్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,000 కి.మీ. కయాక్ నడిపారు. అంత సాహసం అక్కర్లేదు. బుకింగ్, బీమా, వాతావరణ డేటా, జీపీఎస్ ట్రాకింగ్ చూసుకునే మనిషి కూడా జట్టుకి కావాలి. కొత్తవాళ్లకి మొదటి పాఠాలు కెరటాల్లో వద్దు. పలాసలో రైలెక్కితే బ్రహ్మపురం మీదుగా బలుగావ్ చేరొచ్చు. అక్కడి చిలికా సరస్సులో దీవులూ ఉన్నాయి, కాస్త నెమ్మదైన నీళ్లూ ఉన్నాయి.

రేపు మన తీరంలో మొదటి ట్రిప్ ప్రకటన కనిపిస్తే షేర్ కొట్టే ముందు మూడు ప్రశ్నలు అడగండి. గైడ్ ఏ ఊరివాడు? రాత్రి బస ఎక్కడ? అలలు బాగోకపోతే ట్రిప్ ఆపి డబ్బు వెనక్కిచ్చే అధికారం ఎవరిది? మూడో దానికి జవాబుగా ఆఫీసులో కూర్చున్న మనిషి పేరు చెబితే, ఆ ట్రిప్‌కి వెళ్లకండి.