బిడ్డ ఎడమ చేతిలోని బలపం లాక్కోవద్దు

మాఘ పౌర్ణమికి హంసలదీవి వచ్చిన భక్తులకు. కోడూరు, నాగాయలంక, అవనిగడ్డ, బందరు, గుడివాడ వైపుల నుంచి పిల్లాపాపలతో తరలివచ్చిన అమ్మలకు, నాన్నలకు, తాతయ్యలకు, మామ్మలకు విన్నపం.

సాగరసంగమంలో మునిగి, వేణుగోపాలస్వామి దర్శనం చేసుకుని, బస్సు కోసం నిలబడ్డప్పుడు ఈ కాగితం చదవండి.

శ్రీపంచమి వెళ్లి పది రోజులైంది. ఆ రోజు మన ఊళ్లలో ఎందరో బిడ్డలకు అక్షరాభ్యాసం జరిగింది. పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి ఓంకారం దిద్దించారు. బిడ్డ ఎడమ చెయ్యి చాపితే ఎవరో ఒక పెద్దవారు దాన్ని పక్కకు తీసి, కుడి చెయ్యి తెచ్చి బియ్యంలో పెట్టారు. ఆ ఒక్క పూటకు మాకు పేచీ లేదు. మేం అడిగేది ఆ మర్నాటి సంగతి. ఇంట్లో పలక ముందు కూర్చున్న బిడ్డ మళ్లీ ఎడమ చేత్తోనే బలపం పట్టుకుంటే, దయచేసి లాక్కోకండి.

ఈ కరపత్రం రాస్తున్న మాలో ఎడమచేతి వాటం వాళ్లం ఉన్నాం, అలాంటి పిల్లల్ని కన్నవాళ్లమూ ఉన్నాం. మాలో కొందరికి చిన్నప్పుడు వేళ్లకు గుడ్డ చుట్టి కట్టారు. బళ్లో మెటికల మీద స్కేలు పడింది. ‘పుర్రచెయ్యి’ అన్నదే పేరైపోయింది. పెళ్లిచూపులకు వచ్చిన వాళ్ల ముందు ఎడమ చేత్తో కాఫీ గ్లాసు అందించొద్దని ఆడపిల్లకు పది సార్లు చెప్పి పంపిన ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కొట్టినవాళ్లు, కట్టినవాళ్లు మా మీద ప్రేమ లేక చేయలేదు. ఇది మాన్పించాల్సిన అలవాటని గట్టిగా నమ్మారు. ఆ నమ్మకమే తప్పు.

ఇది అలవాటు కాదు, పుట్టుక. 2005లో బెల్‌ఫాస్ట్ పరిశోధకులు ప్రకటించిన సంగతి వినండి. తల్లి కడుపులో బొటనవేలు చీకుతున్న శిశువులను స్కానింగులో చూసి రాసిపెట్టుకున్నారు. ఆ బిడ్డల్లో 75 మందిని పదేళ్లు దాటాక మళ్లీ కలిశారు. కడుపులో కుడి బొటనవేలు చీకిన 60 మందీ కుడిచేతి వాటం వాళ్లే అయ్యారు. ఎడమది చీకిన 15 మందిలో 10 మంది ఎడమచేతి వాటం వాళ్లు. బలపం, పలక, బడి, మాస్టారు, ఇవేవీ లేని చోట మొదలైన వాటం ఇది. ప్రపంచమంతటి లెక్కలను కలిపి 20 లక్షలకు పైగా మనుషుల మీద 2020లో తేల్చిన మాట ఏమిటంటే, నూటికి పది మంది పైచిలుకు ఎడమచేతి వాటం వాళ్లు. ముప్ఫై మంది ఉన్న తరగతిలో ముగ్గురు ఉండాలి. మీ ఊరి బళ్లో ఒక్కరూ కనబడకపోతే లేరని కాదు, దాక్కున్నారని అనుమానించండి.

ఈ సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని మన స్థలపురాణం. పాపాలు కడుక్కోవడానికే అందరం ఇక్కడికి వస్తాం. ఎడమచేతి వాటం కడిగేసుకోవాల్సిన పాపం కాదు. మనం కొలిచే కృష్ణుడు గోవర్ధనగిరిని ఎత్తిన బొమ్మలు చూడండి, చాలావాటిలో ఎడమ చేతి చిటికెన వేలి మీదే ఉంటుంది కొండ. అర్ధనారీశ్వరుడిలో ఎడమ సగం అమ్మవారిది. రెండు చేతులతోనూ బాణం వేసిన అర్జునుణ్ణి సవ్యసాచి అని పొగిడాం గానీ, తప్పుపట్టలేదు కదా.

మరి అన్నం సంగతేమిటని మామ్మలు అడుగుతారు. అడగాలి కూడా. కుడి చేత్తో తినడం మన ఇళ్ల మర్యాద. పక్కన కూర్చున్న పెద్దవాళ్లను చూసి పిల్లలు దాన్ని నేర్చుకుంటారు. కుడి చేత్తో అన్నం కలుపుకుంటూ, ఎడమ చేత్తో రాసే తెలుగువాళ్లు ఎంతమందో! నెమ్మదిగా నేర్పండి, రాకపోతే వదిలేయండి, చెయ్యి మీద మాత్రం కొట్టొద్దు. ఇంకో మాట. విస్తరి ముందు కూర్చున్నాక మన కుడి చెయ్యి ఎంగిలి. అప్పుడు కూర గరిటె అందుకునేది, మంచినీళ్ల గ్లాసు ఎత్తేది, నెయ్యి గిన్నె పక్కవాళ్లకు జరిపేది ఏ చెయ్యి? భోజనం సాంతం శుభ్రంగా ఉండి వడ్డించే చెయ్యి ఎడమదే. సబ్బుతో కడిగితే రెండు చేతులూ శుభ్రమే.

మాస్టార్లకు, టీచరమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. చేతివాటం మార్చడానికి కొట్టినా, అందరి ముందు వెక్కిరించినా ఆ సెక్షన్ వర్తిస్తుంది. అయితే మీ దగ్గరికి చట్టం పట్టుకుని రావాలని మాకు లేదు, మీ సాయం కావాలి. ఎడమ చేత్తో రాసే బిడ్డను బెంచీకి ఎడమ చివర కూర్చోబెట్టండి, పక్కవాడి మోచేతితో గుద్దులాట ఉండదు. పుస్తకాన్ని కాస్త కుడి వైపుకు వాలేటట్టు పెట్టించండి. పెన్నును పాళీకి కొంచెం ఎగువన పట్టుకోమనండి. మన రాత ఎడమ నుంచి కుడికి నడుస్తుంది కాబట్టి ఎడమ చెయ్యి తడి సిరా మీదుగా పోతుంది, అక్షరం అలుక్కుపోతుంది. అది బిడ్డ అశ్రద్ధ కాదు. ఈ మూడు పనులకూ పైసా ఖర్చు లేదు. కాలేజీల వాళ్లు మాత్రం కాస్త ఖర్చు పెట్టాలి. కుడి పక్కనే రాత పలక ఉన్న కుర్చీల్లో మెలికలు తిరిగి మూడు గంటల పరీక్ష రాయడం ఎంత నరకమో రాసినవాళ్లకు తెలుసు. కొత్త కుర్చీలు కొనేటప్పుడు పదింటికి ఒకటి ఎడమ పక్క పలకతో తెప్పించండి.

కమ్మరి అన్నల్లారా, మీతోనూ పనుంది. కోత మిషన్లు వచ్చాక కొడవలి పని తగ్గింది గానీ, నీళ్లు నిలిచిన చేలల్లో, పడిపోయిన పైరుకు, గట్టు మీద గడ్డికి ఇప్పటికీ కొడవలే దిక్కు. కక్కు కొడవలికి పళ్లు ఒక పక్కే కొడతారు. ఎడమ చేత్తో పట్టుకున్నవాళ్లకు ఆ ముఖం తిరగబడుతుంది, పట్టు జారి వేలు తెగే ప్రమాదం ఉంది. అడిగినవాళ్లకు కక్కులు రెండో పక్కన కొట్టి ఇవ్వండి. కూలీకి వచ్చే ఆడవాళ్లు నోరు తెరిచి అడగరు, మీరే అడిగి తెలుసుకోండి. టైలరింగు నేర్పేవాళ్లకూ ఇదే మనవి. ఎడమచేతి కత్తెరలు బజారులో దొరుకుతాయి. మామూలు కత్తెర ఎడమ చేతిలో పడితే బ్లేడ్లు విడిపోతాయి, కోసే గీత కనబడదు. ఆ పిల్లకు పని రాదని తేల్చే ముందు కత్తెర మార్చి చూడండి.

కొందరు పిల్లలు రాయడం ఒక చేత్తో, బంతి విసరడం ఇంకో చేత్తో చేస్తారు. సచిన్ టెండూల్కర్ రాసేది ఎడమ చేత్తో, బ్యాటు పట్టింది కుడిచేతి వాటంతో. అదీ సహజమే, కంగారు పడొద్దు. రెండు చేతులతో రాయిస్తే తెలివి పెరుగుతుందని చెప్పి ఫీజులు అడిగేవాళ్లను నమ్మొద్దు. గాంధీగారు 1909 నవంబరులో ఓడ మీద ‘హింద్ స్వరాజ్’ రాస్తూ, కుడి చెయ్యి అలిసిపోతే 275 పేజీల్లో దాదాపు 40 పేజీలు ఎడమ చేత్తో రాశారు. అది ఆయన అవసరం కొద్దీ, ఆయన ఇష్టం కొద్దీ చేసిన పని. ఎవరూ బలవంతం చేయలేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయకండి. ఏడాది నిండని పసిబిడ్డ ఒక చేతినే వాడుతూ, రెండో చేతిని బొత్తిగా కదపకుండా, పిడికిలి బిగించి ఉంచితే అది వాటం కాకపోవచ్చు. వెంటనే పిల్లల డాక్టరుకు చూపించండి.

జూన్‌లో బడులు తెరుస్తారు. మీ బిడ్డదో, మనవరాలిదో ఎడమచేతి వాటమైతే మొదటి రోజునే మీరు స్వయంగా వెళ్లి టీచరుతో ఆ మాట చెప్పండి, బెంచీకి ఎడమ చివర చోటు అడగండి. చెప్పినా దెబ్బలు ఆగకపోతే హెడ్మాస్టరును కలవండి. అక్కడా వినకపోతే పిల్లల సహాయానికి 1098 నంబరు ఉంది, ఫోను చేయండి, డబ్బులు పడవు. మీ ఇంట్లో అలాంటి బిడ్డ లేకపోతే, ఉన్న ఇంటికి ఈ కాగితం చేర్చండి.

ఇట్లు,
దివిసీమలోని ఎడమచేతి వాటం వాళ్లం కొందరం, మాలాంటి పిల్లల అమ్మానాన్నలం